వార్త వెనక ఏముందో తెలియాలంటే కథలు, నవలలు ఎలా చదవాలి?

రోజంతా వార్తలు చూస్తూనే ఉంటాం. ఎక్కడ ఏం జరిగిందో, ఎంతమంది పోయారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో అన్నీ తెలుస్తాయి. తీరా ఎవరైనా "అసలు సంగతి ఇంతదాకా ఎందుకొచ్చింది?" అని అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

మహాభారతంలో సంజయుడు రణరంగం నుంచి వచ్చి, భీష్ముడు పడిపోయాడన్న మాట ముందు చెబుతాడు. అది హెడ్‌లైన్. ధృతరాష్ట్రుడు అక్కడితో వదలడు. అంతటివాడు ఎలా పడ్డాడు, పక్కన ఎవరున్నారు, మావాళ్లు ఏం చేస్తున్నారు అని ఒకటే ప్రశ్నలు. పది రోజుల యుద్ధం వాటికి జవాబుగానే నడుస్తుంది. మనం సాహిత్యం దగ్గర నేర్చుకోవాల్సిందీ ఇలా అడగడమే. రేపేం జరుగుతుందో ఏ నవలా చెప్పదు. ఈరోజు వార్తని ఏం అడగాలో మాత్రం చెబుతుంది.

1. ఒక్క వార్త తీసుకోండి, ఒక్క ప్రశ్న రాయండి

అన్ని వార్తల్నీ ఒకేసారి అర్థం చేసుకుందామనుకుంటే మిగిలేది టెన్షనే. మిమ్మల్ని వదలకుండా పీడిస్తున్న ఒక వార్తను ఎంచుకోండి. అందులో మీకు అంతుపట్టని సంగతిని ఒక వాక్యంలో పెట్టండి. "నీళ్లు పాడయ్యాయని తెలిసి కూడా ఊరివాళ్లే ఎందుకు నోరు మూసుకున్నారు?" అన్నట్టుండాలి. "ఎవరిది తప్పు?" అని మాత్రం రాయకండి. దానికి జవాబు మీ దగ్గర ముందే ఉంటుంది.

2. విషయాన్ని బట్టి కాదు, పరిస్థితిని బట్టి పుస్తకం వెతకండి

నిఘా గురించి వార్త వస్తే అందరూ జార్జ్ ఆర్వెల్ నవల '1984' కొంటారు. 2013లో అమెరికా నిఘా రహస్యాలు బయటపడ్డప్పుడు దాని అమ్మకాలు పెరిగాయి, 2017 జనవరిలో మళ్లీ పెరిగాయి. మంచి నవలే, కాదనను. కానీ మీ ప్రశ్న "జనం తమ వివరాలు తామే ఎందుకు ఇచ్చేస్తున్నారు?" అన్నదైతే అందులో పెద్దగా దొరకదు. అక్కడ నిఘాను ప్రభుత్వమే జనం మీద రుద్దుతుంది, జనం కోరి తెచ్చుకోలేదు మరి.

అందుకే ముందు పరిస్థితిని విడదీయండి. ఎవరికో ఒక నిజం తెలిసింది, అది బయటపడితే అందరికీ ఖర్చు. లేదా ఒకరి దగ్గర పని ఉంది, పని కావాల్సినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇలా చెప్పుకుంటే శతాబ్దం కిందటి నాటకం కూడా పనికొస్తుంది. ఏది చదవాలో తెలియకపోతే లైబ్రరీలో అడగండి, బాగా చదివే స్నేహితుల్ని అడగండి. చిన్న కథైనా, నాటకమైనా ఫర్వాలేదు. ఆరొందల పేజీల నవల మొదలుపెట్టి మధ్యలో వదిలేసే కన్నా అదే నయం.

3. ఒక సన్నివేశం దగ్గర ఆగి, ప్రతి పాత్ర పక్కనా నిలబడండి

అసలు పని ఇక్కడే ఉంది. నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ 1882లో రాసిన 'యాన్ ఎనిమీ ఆఫ్ ది పీపుల్' నాటకాన్ని చూద్దాం. ఆరోగ్యం కోసం బయటి జనం వచ్చే, ఊరికి పేరు తెచ్చిన స్నానఘట్టాల నీళ్లు విషమయ్యాయని డాక్టర్ స్టాక్‌మన్ పరీక్ష చేయించి తేలుస్తాడు. పత్రిక ఎడిటర్ హోవ్‌స్టాడ్ ఆయన వ్యాసం అచ్చువేయడానికి ఉబలాటపడతాడు. ప్రింటర్ ఆస్లాక్‌సన్ ఇంటి యజమానులందరూ మీవైపేనంటాడు. అంతలో మేయర్ వస్తాడు. మేయరంటే డాక్టరు అన్నయ్యే. పైపులు మార్చాలంటే స్నానఘట్టాలు రెండేళ్లు మూయాలని, ఆ ఖర్చు ఊరి జనమే భరించాలని చెబుతాడు. ఆ మాటతో ప్రెస్సులో గాలి తిరిగిపోతుంది. నీళ్లు మారలేదు, పరీక్ష ఫలితం మారలేదు. బిల్లు ఎవరు కట్టాలన్నది ఒక్కటే మారింది. చివరికి ఊరు సభ పెట్టి డాక్టర్ని ప్రజల శత్రువని తీర్మానిస్తుంది. వ్యతిరేకంగా పడ్డ ఓటు ఒక్కటే, అదీ ఒక తాగుబోతుది.

డాక్టరు పక్కన నిలబడటం తేలిక, మనమందరం అక్కడే ఉన్నామనుకుంటాం. కాసేపు ఆస్లాక్‌సన్ పక్కకి వెళ్లండి. అతను దుర్మార్గుడేం కాదు, ఇల్లున్నవాడు, పన్ను కట్టేవాడు. అతను ఏం పోగొట్టుకుంటాడు? తనకి తాను ఏం సర్దిచెప్పుకుంటాడు? మీకు నచ్చని పాత్ర గురించి ఈ రెండు ప్రశ్నలకీ జవాబు రాయగలిగితే వార్తలోని "ఊరివాళ్లు" అన్న మాట వెనక మనుషులు కనబడతారు. డాక్టర్ని కూడా వదలొద్దు. నిజం ఆయనవైపే ఉంది గానీ మెజారిటీ అంటేనే మూర్ఖులని సభలో దులిపేస్తాడు. నిజం చెప్పేవాళ్లకి జనం ఎందుకు దూరమవుతారో అందులోనూ కొంత తెలుస్తుంది.

ఇదే నాటకాన్ని సత్యజిత్ రే 1989లో 'గణశత్రు'గా తీసినప్పుడు స్నానఘట్టాల బదులు గుడి తీర్థం పెట్టాడు. డబ్బు లెక్కకి తోడు భక్తి వచ్చి చేరేసరికి డాక్టరు పని ఇంకా కష్టమైంది. పరిస్థితిని బట్టి చదవడమంటే ఇదే.

4. అక్కడ దొరికిన ప్రశ్నతో వార్తను మళ్లీ చదవండి

అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939)లో ఓక్లహోమా నుంచి బతుకుదెరువు కోసం కాలిఫోర్నియా వెళ్తున్న జోడ్ కుటుంబం చేతిలో ఒక కరపత్రం ఉంటుంది, బఠాణీలు కోయడానికి 800 మంది కావాలని. దారిలో, అటునుంచి తిరిగొస్తున్న ఒక చిరిగిన బట్టల మనిషి దాని లెక్క విప్పి చెబుతాడు. కావాల్సింది 800 మందే, అచ్చువేసింది 5,000 కరపత్రాలు, చూసేది బహుశా 20,000 మంది, బయల్దేరేది రెండు మూడు వేలు. పని కన్నా మనుషులు ఎక్కువైతే కూలి దానంతటదే పడిపోతుంది. కరపత్రంలో ఒక్క అబద్ధమూ లేదు, మోసమంతా దాన్ని ఎంతమందికి పంచారన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు వలస కూలీల వార్త ఏదైనా తీయండి. "అంతమంది ఎందుకొచ్చేశారు?" అని ఎవరో విసుక్కుంటుంటారు. మీరు అడగాల్సింది వేరు. రమ్మని ఎవరు పిలిచారు? ఎంతమందిని పిలిచారు? ఎక్కువమంది రావడం వల్ల ఎవరికి లాభం? ఆ వార్తలో వీటికి జవాబు లేకపోతే, ఇంకో పత్రికలో వెతకాల్సింది ఏమిటో తెలిసిందన్నమాట.

ఆ మనిషే ఇంకో మాట చెబుతాడు. తిండి లేక తన పిల్లలు చనిపోతే అధికారి కాగితం మీద గుండె ఆగి చనిపోయారని రాశాడట. మరణాల లెక్కలు చూసేటప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోండి. కారణం అన్న గడిని ఎవరు నింపారు?

5. ఎక్కడ కలవడం లేదో కూడా రాయండి

చాలామంది చేయనిది ఇదే. "అచ్చం ఇప్పటిలాగే ఉంది!" అనగానే తృప్తిపడి పుస్తకం మూసేస్తారు. నన్నడిగితే పోలిక కన్నా తేడాయే ఎక్కువ చెబుతుంది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎందరో ఫ్రెంచి రచయిత కామూ నవల 'ది ప్లేగ్' (1947) తిరగేశారు. రోగానికి పేరు పెట్టడానికి అధికారులు నసగడం, దారులు మూసేయడం, కొందరికి అదే వ్యాపారమవడం, అన్నీ కలిశాయి. కానీ ఆ నవల్లో ఓరాన్ ఊరు మొత్తాన్ని బయటి ప్రపంచం నుంచి కట్టడి చేస్తారు. ఊరి లోపల మాత్రం కాఫీ హోటళ్లు కిటకిటలాడతాయి, సినిమా హాళ్లలో అవే సినిమాలు మళ్లీ మళ్లీ ఆడతాయి. దూరాన ఉన్నవాళ్లకి పంపగలిగింది టెలిగ్రామే. మనకి సరిగ్గా తిరగబడింది. వేరే ఖండంలో ఉన్నవాళ్ల ముఖం తెర మీద చూశాం, పక్కింటి తలుపు తట్టలేకపోయాం. కోవిడ్ కాలానికి మాత్రమే సొంతమైన ఒంటరితనం ఏమిటో ఈ తేడా దగ్గరే తెలుస్తుంది. పైగా కామూ రాసింది రోగం గురించి మాత్రమే కాదు, నాజీల ఆక్రమణ అనుభవం కూడా అందులో ఉంది. ప్లేగుని ఎదిరిస్తున్నట్టు కనబడే ఆ మనుషులు దాని చాటున ఇంకా దేన్ని ఎదిరిస్తున్నారో మర్చిపోతే నవల సగమే చదివినట్టు.

6. నిజానిజాల కోసం నవలను సాక్షిగా పిలవకండి

డానియల్ డెఫో 1722లో అచ్చువేసిన 'ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్' కళ్లారా చూసినవాడు రాసినట్టే ఉంటుంది. అది 1665 నాటి లండన్ ప్లేగు కథ, అప్పటికి డెఫో చిన్నపిల్లవాడు. ఇంటికి తాళం వేసి కాపలా పెడతారన్న భయంతో జనం ప్లేగు చావుని వేరే జబ్బుగా రాయించుకునేవారని అందులో కథకుడు చెబుతాడు. గొప్ప ప్రశ్న. జవాబు కోసం మాత్రం చరిత్రకారుల దగ్గరికి వెళ్లాలి.

ఈ క్రమం బాగా నడిచింది 1906లో. అప్టన్ సింక్లెయిర్ నవల 'ది జంగిల్' షికాగో మాంసం కర్మాగారాల దుస్థితిని బయటపెడితే, అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని గుడ్డిగా నమ్మలేదు, విచారణకి మనుషుల్ని పంపాడు. ఆ జూన్ 30న మాంసం తనిఖీ చట్టం వచ్చింది. సింక్లెయిర్ రాసింది కార్మికుల బాధ గురించి. పాఠకుల్ని కదిలించింది తమ కంచంలోకి వచ్చే మాంసం. కాబట్టి చదివాక ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి, ఏ పేజీలు నన్ను కదిలించాయి, ఏవి ఊరికే దాటేశాను?

7. వాక్యాలు ఫార్వర్డ్ చేసే ముందు పేజీ వెతకండి

పెద్ద రచయితల పేరుతో వాట్సాప్‌లో తిరిగే వాక్యాల్లో చాలావాటిని వాళ్లు రాయనే లేదు. ఆర్వెల్ పేరు మీద ఇలాంటివి మరీ ఎక్కువ. పుస్తకంలో ఎక్కడుందో చూపించలేకపోతే పంపకండి.

చివరిగా, మీ ప్రశ్నలకి తేదీ వేసి పెట్టుకోండి. వార్త చల్లారాక, విచారణ నివేదికో కోర్టు తీర్పో వచ్చినప్పుడు వాటిని మళ్లీ తీయండి. జవాబు దొరికినవి కొట్టేయండి, మిగిలినవాటిని బట్టి తర్వాత చదవాల్సిన పుస్తకం వెతకండి.