చెట్ల మ్యాప్‌తో అడవి లెక్క – 4వ పాఠం: 17వ నంబరు చెట్టును పడగొడదాం

పోయిన పాఠంలో 50 × 50 మీటర్ల ప్లాటులో ప్రతి చెట్టుకూ నంబరు, తూర్పు దూరం, ఉత్తర దూరం, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత రాసుకున్నాం. ఈసారి ఒక చెట్టును పడేసి, పైన ఆకుల పందిరికి ఎక్కడ చిల్లు పడుతుందో చూద్దాం.

1972లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవికి రాసిన జబోవా అనే కంప్యూటర్ మోడల్‌లో (అడవి ఎలా మారుతుందో లెక్కగట్టేది) 10 × 10 మీటర్ల ప్లాటే లెక్క. అందులో ఏ చెట్టు ఎక్కడుందో దానికి పట్టదు. 1990లలో వచ్చిన సార్టీ మోడల్ మాత్రం ప్రతి చెట్టు చోటూ అడుగుతుంది. మన మ్యాప్ పనికొచ్చేది అక్కడే.

ఎక్సెల్ షీట్ తెరవండి. అంకెలు పాఠం కోసం ఊహించినవే. 17వ చెట్టు (12, 8) దగ్గర ఉంది. ఎత్తు 18 మీటర్లు, కొమ్మల గొడుగు కేంద్రం నుంచి 4 మీటర్లు. పడే దిక్కు కోసం ర్యాండ్‌ను (0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకెను ఇచ్చే ఎక్సెల్ ఫంక్షన్) 360తో గుణించండి. నాకు 60 డిగ్రీలు వచ్చింది (తూర్పు నుంచి ఉత్తరం వైపు తిప్పి లెక్క). కొన పడే చోటు: 12 + 18 × కాస్ 60 = 21; 8 + 18 × సైన్ 60 = 23.6.

ఇక్కడే నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఎక్సెల్ కాస్, సైన్‌లకు డిగ్రీలు తెలియవు, రేడియన్లే (కోణాన్ని కొలిచే మరో పద్ధతి) తెలుసు. నేరుగా 60 ఇస్తే కొన (-5.1, 2.5) దగ్గర పడింది, అంటే చెట్టు పడమటి కంచె దూకేసింది! కోణాన్ని ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో వేయండి.

ఇప్పుడు పక్క చెట్లు. 23వ చెట్టు (17, 16) దగ్గర ఉంది. 17వ చెట్టు నుంచి తూర్పుకు 5, ఉత్తరానికి 8 మీటర్లు. పడిన మానుకు దాని అడ్డ దూరం: 5 × సైన్ 60 − 8 × కాస్ 60 = 0.33 మీటర్లు. గొడుగు 4 కాబట్టి అది నలిగిపోయింది. (20, 10) దగ్గరున్న 9వ చెట్టుకు అదే లెక్క 5.93 ఇస్తుంది. అది బతికింది, పైగా పక్కనే వెలుగు దొరికింది. మైనస్ వస్తే గుర్తు వదిలేయండి. మానుకు వెనకవైపున్న చెట్లను లెక్కలోంచి తీసేయండి.

ఆ చిల్లులో ఎవరు లేస్తారన్నది జాతిని బట్టి. న్యూ హాంప్‌షైర్‌లో షుగర్ మేపుల్ మొక్క నీడలోనే ఏళ్లతరబడి ఓపిగ్గా కాచుకుంటుంది. ఎల్లో బర్చ్‌కు వెలుగు కావాలి. మన శేషాచలం సంగతి వేరు. ఎండాకాలంలో చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి, వెలుగు ఎటూ నేలకు దిగుతుంది. నీళ్లూ నిప్పూ పెద్ద ప్రశ్నలు. ఎర్రచందనం నరికిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. విత్తనాలనే నమ్ముకున్న మోడల్ ఇక్కడ తప్పుతుంది. కొండవాలున చెట్టు దిగువకే ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి ర్యాండ్ కూడా సరిపోదు.

అభ్యాసానికి మాత్రం అడవిలోకి వెళ్లకండి. అనుమతి లేకుండా టేపు పట్టుకుని తిరిగితే ఎర్రచందనం దొంగలనుకుంటారు. చిత్తూరు వైపు మామిడితోపులకేం కొదవ? ఒక తోపు కొలుచుకోండి.

ఇంటిపని: 17వ చెట్టు పడే కోణాన్ని 60 నుంచి ఒక్కో డిగ్రీ పెంచండి. 23వ చెట్టు 83 దగ్గర ఇంకా నలుగుతుంది, 84 దగ్గర తప్పించుకుంటుంది. మీ షీట్‌లో అలా రాకపోతే రేడియన్స్ మరిచిపోయినట్టే.