కువైట్ ఫ్లైట్ ఎన్ని గంటలు? టికెట్ చూసి లెక్క కట్టుకోండి

కడప ఏడురోడ్ల దగ్గర మాది టికెట్ల షాపు. రాజంపేట, రాయచోటి పక్కనుంచి వచ్చేవాళ్లు టికెట్ చేతిలో పడతానే అడిగే మాట ఒకటుంది. "ఏందన్నా, పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలా? వచ్చే ఫ్లైట్ అంత నిదానమా?"

నిదానం కాదు, నిజానికి వచ్చేదే తొందరగా వస్తుంది. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. చెన్నైలో పొద్దున 6కు బయల్దేరి అక్కడ 8:30కు దిగేలా ఉందనుకోండి, ఆ 8:30 అంటే మనకు 11. ప్రయాణం 5 గంటలు. తిరుగు టికెట్లో అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ తెల్లారి 5కు దిగుతారని ఉంటే, కువైట్ 10 మనకు 12:30. అంటే నాలుగున్నర గంటలే. రెండు టైములూ మన టైముకు మార్చుకున్నాకే తీసివేత చేయండి. దోహా, సౌదీ, బహ్రెయిన్‌కు కూడా రెండున్నరే తేడా. దుబాయ్, మస్కట్‌కు ఒకటిన్నర.

లెక్క సరిపోయిందో లేదో దూరంతో చూసుకోవచ్చు. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి చెన్నై ఎయిర్‌పోర్ట్ మీద వేలు అదిమి పట్టండి, ఎర్ర గుర్తు పడుతుంది. కింద వచ్చే వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, మ్యాపును జరుపుకుంటూ కువైట్ ఎయిర్‌పోర్ట్ దాకా పోతే దాదాపు 3,780 కిలోమీటర్లు చూపిస్తుంది. దాన్ని 850తో భాగించండి, పెద్ద జెట్ విమానం గంటకు సుమారుగా అంత పోతుంది. నాలుగున్నర వస్తుంది. రన్‌వే మీద తిరిగేదానికి, ఎక్కి దిగేదానికి అరగంట కలిపితే 5. తిరుగు ప్రయాణం అరగంట తగ్గి నాలుగున్నరే అయ్యేది గాలి వల్ల. చలికాలంలో గల్ఫ్ మీద, ఉత్తర భారతం మీద పైన పడమటి గాలి జోరుగా వీస్తుంది, వచ్చే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, పోయేదానికి ఎదురు తగులుతుంది.

మధ్యలో కొలంబోలోనో షార్జాలోనో మారే టికెట్లకు ఈ లెక్క పనికిరాదు. చౌకగా ఉందని తీసుకుంటారు గానీ, గంటలకు గంటలు అక్కడే కూర్చోవాల. మొత్తం ప్రయాణ సమయం ఎంత వేశారో చూసి డబ్బు కట్టండి.

అన్నిటికంటే జాగ్రత్త అర్ధరాత్రి ఫ్లైట్‌తో. 15వ తేదీ 00:40 అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాల. మూడు గంటల ముందు రిపోర్టింగ్, కడపనుంచి కోడూరు, రేణిగుంట మీదుగా చెన్నైకి 260 కిలోమీటర్ల దాకా రోడ్డు. 14 మధ్యాహ్నం భోంచేసి కారెక్కితే నిమ్మళంగా పోవచ్చు. తీసుకొచ్చేదానికి పోయేవాళ్లు దిగే టైముకు ఇంకో గంట కలిపి పోండి, ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి అంత పడుతుంది. తిరుగు టికెట్లో దిగే టైమ్ పక్కన +1 అని ఉంటే మరుసటి రోజని. కారు ఆ తేదీకే మాట్లాడుకోండి.