పిల్ల నోరు విప్పిన రోజు ప్రధానోపాధ్యాయులు చేయవలసింది

బాలికల వసతి పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నవారి కోసం రాస్తున్నాను.

ఫలానా సారు లైంగికంగా వేధించారని పిల్ల చెబితే, ముందు విచారణ కమిటీ వేయకండి. నిజానిజాలు తేల్చడం మీ పని కాదు. 2012 నాటి పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. కింది ఉద్యోగి నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. బడి పరువు పోతుందంటూ పెద్దమనుషులు రాజీకి వస్తారు. టీ కూడా ఇవ్వకుండా పంపేయండి.

పిల్లను పదే పదే అడగవద్దు. చెప్పింది ఆమె మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాయండి. "నడుము దగ్గర గిల్లారు" అంటే అదే రాయాలి. "అసభ్యంగా ప్రవర్తించారు" అని నాజూకు చేస్తే కేసు నీరుగారుతుంది. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఇది తెలిసి ఉంటే, స్టేషనుకు తీసుకురమ్మన్నప్పుడు ధైర్యంగా కాదనగలరు.

నిందితుడిని ఆ రోజే పిల్లలకు దూరం పెట్టించండి. బదిలీతో సరిపెడితే మరో బడి పిల్లల మీదికి తోలినట్లే.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాయిస్తారు, సంతోషం. ఫోను మాత్రం వార్డెన్ గదిలో తాళం వేసి ఉంటుంది! దాన్ని వరండాలో పెట్టించండి.