సెన్సార్ మూగబోతే మీకు వెంటనే తెలిసేలా పెట్టుకోండి
నర్సంపేట, పరకాల వైపు మిర్చి చేలల్లో తేమ సెన్సార్లు, బావి మోటార్లకు కంట్రోలర్లు పెట్టుకుంటున్నవాళ్లు ఇదొక్కటి తప్పకుండా చూసుకోండి. కరెంటు పోయినా, సిగ్నల్ పోయినా డాష్‌బోర్డులో పాత రీడింగే కనిపిస్తుంటుంది, మనమేమో అంతా బాగానే ఉందనుకుంటాం. ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే సర్వర్ ద్వారా డివైస్‌లు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) వాడుతుంటే డివైస్ కనెక్ట్ అయ్యేటప్పుడే లాస్ట్ విల్ మెసేజ్‌గా (కనెక్షన్ హఠాత్తుగా తెగితే డివైస్ తరఫున బ్రోకర్ పంపే మెసేజ్) "ఆఫ్‌లైన్" అని రిటైన్‌తో (చివరి మెసేజ్‌ను బ్రోకర్ దాచి ఉంచేలా) ఇవ్వండి, కనెక్ట్ అయ్యాక అదే టాపిక్‌లో (మెసేజ్ వెళ్లే చిరునామా) "ఆన్‌లైన్" అని, అదీ రిటైన్‌తోనే పంపండి. కీప్ అలైవ్ (కనెక్షన్‌లోనే ఉన్నానని డివైస్ తెలపాల్సిన గడువు) 60 సెకన్లు ఉంటే, 90 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే బ్రోకరే ఆ ఆఫ్‌లైన్ మెసేజ్ పంపేస్తుంది.

బ్యాటరీ మీద నడుస్తూ డీప్ స్లీప్‌లోకి (చార్జ్ ఆదా కోసం దాదాపు అన్నీ ఆపేసే స్థితి) వెళ్లే సెన్సార్లకు మాత్రం ఇది సరిపోదు, పద్ధతిగా డిస్కనెక్ట్ అయితే బ్రోకర్ ఆ విల్‌ను పక్కన పడేస్తుంది. వాటికి చివరి రీడింగ్ ఎప్పుడొచ్చిందో చూసి, వరుసగా రెండు మూడు రాకపోతే ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టండి.