ఉక్కపోత ఊళ్లకి చిన్న బ్యాగుతో, చక్కటి బట్టలతో

బరంపురం, ఛత్రపూర్, ఇటు ఇచ్ఛాపురం వైపు ఉండే మన తెలుగువాళ్లం ఏ పని మీద బయలుదేరినా ఎక్కువగా వెళ్లేది సముద్రపు ఒడ్డు వెంబడే. పూరీ, భువనేశ్వర్, కలకత్తా అయినా, శ్రీకాకుళం, విశాఖ, చెన్నై అయినా ఉక్క మాత్రం మనతోనే వస్తుంది. అయినా సర్దుకునేటప్పుడు రోజుకి రెండు జతలు, ఫంక్షన్‌కి రెండు, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు పెట్టేస్తాం. ఆ సూట్‌కేసు మోసుకుని స్టేషన్ మెట్లు ఎక్కేసరికే ఒంటి మీద ఉన్న జత తడిసిపోతుంది. ఇంత అక్కర్లేదు. ఐదు రోజుల ప్రయాణానికైనా పది రోజులదానికైనా భుజానికి తగిలించుకునే ఒక్క బ్యాగు చాలు, అందులోంచి తీసి వేసుకున్న ప్రతి జతా బాగుంటుంది కూడా. దానికి బట్ట ఎంచుకోవడం తెలియాలి, అంతే.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ఎండాకాలంలో పశ్చిమ ఒడిశాలోని టిట్లాగఢ్ వైపు 45 డిగ్రీలు దాటినా అక్కడ గాలి పొడి, చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, అలా ఆరుతూనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కనున్న గోపాల్‌పూర్‌లో 35 కూడా దాటని రోజున ప్రాణం ఉసూరుమనడానికి కారణం వేడి ఒక్కటే కాదు, గాలి అప్పటికే తేమతో నిండిపోయి మన చెమటని తీసుకోలేకపోవడం. చెమట కారుతుంది తప్ప ఆరదు. కాబట్టి పొడి ఎండ ఊళ్లకి పనికొచ్చే సలహాలన్నీ ఇక్కడ పనికిరావు. ఇక్కడ బట్ట రెండు పనులు చెయ్యాలి: ఒంటికీ బట్టకీ మధ్య గాలి ఆడనివ్వాలి, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోవాలి. ఈ రెండోదాన్ని జనం పట్టించుకోరు, నా దృష్టిలో అసలైన పరీక్ష అదే. రాత్రికి రాత్రి ఆరే బట్ట మూడు జతలుంటే ఎన్ని రోజులైనా తిరగొచ్చు. ఆరని బట్ట పది జతలున్నా నాలుగో రోజుకి బ్యాగు ముక్కవాసన కొడుతుంది.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. తీసుకెళ్దామనుకున్న ప్రతి బట్టనీ రాత్రి తొమ్మిదింటికి చేత్తో ఉతికి, పిండి, ఎండ తగలని గదిలో ఫ్యాన్ కింద హ్యాంగర్‌కి వేసి పడుకోండి. పొద్దున్న ఆరింటికి కుట్లు, కాలరు, నడుము పట్టీ, జేబుల అడుగు పట్టుకుని చూడండి. అక్కడ చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఆ బట్ట ఇంట్లోనే ఉంచండి, అది ఎంత అందంగా ఉన్నా సరే. వర్షాకాలంలో వెళ్తుంటే వాన పడే రోజునే చూడాలి, మేలో ఆరింది కదా అని ఆగస్టులో నమ్మకూడదు.

ఇక బట్ట సంగతి. కాటన్ అయితే చాలు అనుకుంటారు చాలామంది, కానీ కాటన్లన్నీ ఒకటి కావు. పత్తికి తడిని పట్టి ఉంచుకునే గుణం ఉంది, మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం దాకా తేమ దానిలో ఉంటుంది, పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. అందుకే మందపాటి కాటన్ టీషర్టు చెమట తాగి బరువెక్కి రోజంతా ఒంటికి అతుక్కుంటుంది, రాత్రి ఉతికితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆరదు. మనకి కావలసింది పలచటి నేత. మల్ కాటన్, వాయిల్, పలచటి మంగళగిరి, డబ్బు పెట్టగలిగితే పొందూరు సన్న ఖద్దరు. పొందూరు మనకి పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో సన్నగా వడికి నేస్తారు, ఆ నేతలో గాలి ఆడుతుంది. ఒక్క పొందూరు చొక్కా కొనుక్కున్న మగవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వేసుకోవడం మన ఇళ్లల్లో చూస్తూనే ఉంటాం.

లినెన్ కాటన్ కంటే త్వరగా ఆరుతుంది, ఒంటికి అతుక్కోదు, ముడతలు మాత్రం పడుతుంది. ఆ ముడతల్ని పట్టించుకోకండి, లినెన్‌కి అవి అందమే. రేయాన్ కుర్తీలు కొట్లో చల్లగా తగులుతాయి, జారుతూ బాగుంటాయి, అందుకే బరంపురం గేట్ బజార్‌లో ఎక్కడ చూసినా అవే. కానీ రేయాన్ కాటన్ కంటే ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే బలం తగ్గుతుంది, గట్టిగా పిండితే సాగిపోతుంది. ప్రయాణానికి ఒకటి కంటే ఎక్కువ వద్దు. పూర్తి పాలిస్టర్, జార్జెట్ రాత్రికి ఆరిపోతాయి, నిజమే, కానీ పగలంతా వాటిలో ఉడికిపోతాం, వాసన కూడా పట్టేస్తుంది. ఆటలకి వేసుకునే పలచటి డ్రై ఫిట్ బనియన్ లాంటిది ఒకటి లోపలికి పరవాలేదు. జీన్స్ మాత్రం వద్దు. ఒక్క ప్యాంటే 600 నుంచి 800 గ్రాములుంటుంది, తడిస్తే రెండు రోజులు ఆరదు. బిగుతు జీన్స్‌లో చెమట నిలిచిపోతే గజ్జల్లో తామర రావచ్చు, అది ఒక పట్టాన వదలదు. ఊరంతా వేసుకుంటోంది కదా అంటారు, వేసుకోనివ్వండి, మీ ఒంటి సుఖం మీకు ముఖ్యం.

గంజి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు గంజి పెట్టని కాటన్‌ని మర్యాదైన బట్టగా లెక్కపెట్టరు. ఇంటి దగ్గర సరే. ప్రయాణంలో గంజి నేతలో సందుల్ని మూసేస్తుంది, గాలిలో తేమకి రెండు గంటల్లో మెత్తబడి పోతుంది, మడిచి ఉంచితే బూజు వాసన వస్తుంది. గంజి లేకుండా ఉతికి, కొంచెం తడి మీద చేత్తో సాపు చేసి హ్యాంగర్‌కి వేస్తే మల్, వాయిల్ ఇస్త్రీ లేకుండానే వేసుకోవచ్చు.

అందం ఎక్కడ నుంచి వస్తుందంటే, రంగుల్లో క్రమం నుంచీ కుట్టుడు నుంచీ వస్తుంది. తీసుకెళ్లే పై బట్టలన్నీ కింది బట్టలన్నిటి మీదకీ నప్పాలి. ముదురు నీలం, తెలుపు, ఒక్క ఎరుపు, లేదా మీగడ రంగు, ఆకుపచ్చ, గోధుమ రంగు, ఇలా మూడు రంగుల్లో ఉండిపోండి. మూడు కుర్తీలు, రెండు ప్యాంట్లు ఉంటే ఆరు రకాలుగా వేసుకోవచ్చు. చెమట మరక బూడిద రంగు మీదా లేత నీలం మీదా మొహం మీద కొట్టినట్టు కనిపిస్తుంది. తెలుపు మీదా ముదురు నీలం మీదా చిన్న చిన్న ప్రింట్ల మీదా అంతగా తెలియదు. నలుపు మీద తడి కనపడదు గానీ ఎండాక తెల్లటి ఉప్పు గీత పడుతుంది. కుట్టుడు విషయంలో చంక దగ్గర వదులుగా, మెడ కొంచెం తెరిచి, చెయ్యి మోచేతి దాకా ఉండాలి. చేతుల్లేని కుర్తీలో చంక చెమట నేరుగా కారుతుంది, చిన్న చెయ్యి ఉంటే అది పీల్చుకుంటుంది. వదులు అంటే గోనెసంచిలా ఉండక్కర్లేదు, భుజం కొలత సరిగ్గా కుట్టించి కిందికి వదిలేస్తే మనిషి చక్కగా కనిపిస్తుంది. టైలర్‌కి ఆ భుజం సంగతి రెండుసార్లు చెప్పండి.

ఐదారు రోజులకి నేను సర్దేది ఇదీ. మూడు పలచటి కుర్తీలు, ఒక పలాజో, ఒక సన్నటి పైజామా, ఒక వాయిల్ చీర, రాత్రికి ఒక నైటీ. దుపట్టాలు రెండు చాలు. మగవాళ్లకి రెండు హాఫ్ చొక్కాలు, ఒక లినెన్ లేదా ఖద్దరు చొక్కా, రెండు పలచటి కాటన్ ప్యాంట్లు, రాత్రికి లుంగీ. లోబట్టలు మాత్రం నాలుగు జతలు పెట్టుకోండి, పిసినారితనం వద్దు, తడి లోబట్ట వేసుకోవడం కంటే బ్యాగులో వంద గ్రాములు ఎక్కువ మోయడం నయం. టవల్‌కి బదులు ఒడియా గమ్చా, అంటే పలచటి నూలు తుండు, పెట్టుకోండి. ఒళ్లు తుడుచుకోవచ్చు, ఎండలో తలకి చుట్టుకోవచ్చు, రైల్లో సీటు మీద పరుచుకోవచ్చు, గంటలో ఆరిపోతుంది. ఏసీ బోగీలో చలి వేస్తే దుపట్టా కప్పుకుంటే సరిపోతుంది, స్వెట్టరు అక్కర్లేదు.

చీర కట్టేవాళ్లు చీర బరువు చూస్తారు గానీ అసలు ఆరనిది లోపలి లంగా. ముతక పాప్లిన్ లంగా నాడా దగ్గర రాత్రంతా తడిగానే ఉంటుంది, నడుము దగ్గర చెమటకాయలు లేచేది కూడా అక్కడే. పలచటి కేంబ్రిక్ లంగా కుట్టించుకుని నాడాని వెడల్పుగా పెట్టించుకోండి. జాకెట్టుకి లైనింగ్ వేయించొద్దు, మరీ పలచనైతే ముందు వైపు మాత్రమే వేయించండి. సంబల్‌పురి చీరలు నాకు ప్రాణం, కానీ కాటన్ సంబల్‌పురి బరువు, ఈ ఉక్కలో అంత బట్ట చుట్టుకోవడం కష్టం. ఆ నేత మోజు తీరాలంటే జాకెట్టు ముక్కో దుపట్టానో తీసుకోండి, తెల్ల వాయిల్ మీద వేస్తే దాని అందం ఇంకా బయటపడుతుంది. కోరాపుట్ వైపు కోట్‌పాడ్ నేత కూడా అంతే, తొగరు వేరు ఎరుపుతో అంత బాగుంటుంది కానీ ముతక, ఉత్తరీయంగా బాగుంటుంది. కొత్త చేనేత ఏదైనా బయలుదేరే ముందు రెండుసార్లు విడిగా నీళ్లలో జాడించండి, లేకపోతే చెమటకి రంగు దిగి లోబట్టలకి అంటుకుంటుంది.

పెళ్లికి వెళ్తుంటే బరంపురం పట్టు తప్పదు, కుంభం అంచు చీరో, మగవాళ్లకి పంచె, ఉత్తరీయం కలిసిన జోడో. అది మాత్రం పరీక్షలకి లొంగదు, ఉతకలేం, చెమట పడితే మరక, జరీ నల్లబడుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టండి, ముహూర్తానికి గంట ముందు కట్టుకుని భోజనాలయ్యాక విప్పేయండి, వెంటనే మడవకుండా ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు.

పూరీ వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. జగన్నాథుడి గుడిలోకి 2024 జనవరి 1 నుంచి హాఫ్ ప్యాంట్లు, చిరుగుల జీన్స్, స్కర్టులు, చేతుల్లేని బట్టలు వేసుకుని రానివ్వడం లేదు. తోలు వస్తువులు కూడా లోపలికి కుదరవు, అంటే బెల్టు, తోలు పర్సు బయటే. కాబట్టి నాడా లేదా ఎలాస్టిక్ ఉన్న ప్యాంటు, గుడ్డ పర్సు పెట్టుకుంటే వరసలో నిలబడి టెన్షన్ పడక్కర్లేదు. బరంపురం దగ్గర కొండ మీదున్న తారాతారిణి గుడికి 999 మెట్లు నడిచి ఎక్కాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, సన్నటి పైజామా వేసుకోండి, చీర కుచ్చిళ్లు తడిస్తే కాళ్లకి అడ్డం పడతాయి.

చెప్పులు రెండు జతలకి మించొద్దు. నీళ్లలో తడిసినా పరవాలేని రబ్బరువి ఒకటి కాళ్లకి, కాస్త బాగుండే గుడ్డవో రెక్సిన్‌వో ఒకటి బ్యాగులో. తోలు చెప్పులు ఈ తేమకి బూజు పడతాయి. రెయిన్‌కోటు వద్దు, పై వాన ఆపినా లోపల చెమటతో అంతే తడిపేస్తుంది, మడత గొడుగు చాలు.

సర్దడంలో పెద్ద విద్య ఏం లేదు. పూర్తిగా ఆరిన బట్టనే పెట్టాలి, కొంచెం చల్లగా తగిలినా ఆగాలి, ఆ ఒక్క బట్ట మిగతా వాటిని కూడా పాడు చేస్తుంది. గుండ్రంగా చుట్టి నూలు సంచుల్లో పెట్టండి. తడివాటికి విడిగా ఒక ప్లాస్టిక్ సంచి, మూడు మీటర్ల నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు, ఒక బట్టల సబ్బు ముక్క, రెండు వైరు హ్యాంగర్లు. అంతా కలిపి ఏడు కిలోల లోపే ఉంటుంది, విమానంలో అయితే చేతి బ్యాగుగానే వెళ్లిపోతుంది, దిగాక లగేజీ బెల్టు దగ్గర ఎదురుచూడక్కర్లేదు.

లాడ్జిలో రాత్రి ఉతికేటప్పుడు చేత్తో పిండి వదిలెయ్యకండి. పొడి గమ్చా మంచం మీద పరిచి, దాని మీద ఉతికిన కుర్తీ పరిచి, రెండూ కలిపి చుట్టి, మోకాలితో గట్టిగా అదమండి. గమ్చా నీళ్లు లాగేస్తుంది, ఆరే సమయం బాగా తగ్గుతుంది. తర్వాత బాత్రూంలో కాకుండా గదిలో ఫ్యాన్ కింద వెయ్యండి. ఏసీ గది అయితే ఇంకా మంచిది, ఏసీ గాలిలోంచి తేమ లాగేస్తుంది కాబట్టి చల్లగా ఉన్నా బట్టలు త్వరగా ఆరుతాయి, చాలామంది దీన్ని నమ్మరు, ఒకసారి వేసి చూడండి. పొద్దున్న ఇంకా నడుము పట్టీ తడిగా ఉంటే లాడ్జి వాళ్లని ఇస్త్రీ పెట్టె అడిగి ఆ ఒక్క చోట రెండు నిమిషాలు నొక్కితే చాలు.

ఇంటికొచ్చాక బ్యాగు మూసి మంచం కిందికి తోసెయ్యొద్దు. అన్నీ తీసి, బ్యాగు తిరగేసి, ఒక పూట ఎండలో పెట్టండి, వానాకాలమైతే లోపల నలిపిన న్యూస్‌పేపర్లు కుక్కి మర్నాడు మార్చండి.