బరువు దాటి గెలిచినవారిని పోల్చి చూడడం ఎలా

2025 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, లాస్ వేగాస్‌లో బాక్సింగ్ రింగులో టెరెన్స్ క్రాఫర్డ్ కానెలో అల్వారెజ్‌ను ఓడించిన కాసేపటికే, చెన్నై పెరంబూరులోని మా మేడమీద వాదన మొదలైంది. 154 పౌండ్ల తరగతిలో ఒక్కసారి మాత్రమే పోరాడి, 160ని వదిలేసి, నేరుగా 168లోకి వెళ్లి అక్కడి మేటిని ఓడించాడు కనుక చరిత్రలో ఇంతకు మించిన గెలుపు లేదని కుర్రవాళ్లు తీర్మానించారు. 1980లో మహమ్మద్ అలీ ప్రదర్శన పోరు కోసం మద్రాసు వచ్చినప్పుడు నెహ్రూ స్టేడియంలో కూర్చుని చూసిన మా మేనమామ, "హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు ఎప్పుడైనా విన్నార్రా?" అని 1930ల నాటి ఆ అమెరికా బాక్సర్ గురించి అడిగి ఊరుకున్నారు. ఎవరి మాట నిలుస్తుందో తేల్చాలంటే ముందు అందరూ ఒప్పుకునే కొలత ఒకటి కావాలి. కొన్నేళ్లుగా ఇలాంటి పోరాటాలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ నేను స్థిరపరచుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చిన్నవాడు ఎన్ని తరగతులు దాటాడన్నది అందులో రెండో ప్రశ్న మాత్రమే. పెద్దవాడి ఒళ్లు ఆ రాత్రి రింగులో తన బలాన్ని చూపడానికి ఎంత వీలు దొరికిందన్నది మొదటి ప్రశ్న.

ముందుగా ప్రతి పోరుకూ మూడు బరువులు రాసుకోవాలి: ఒప్పందంలోని గరిష్ఠ బరువు, తూకంలో ఇద్దరూ తూగిన బరువు, దొరికినప్పుడు పోరాడే రాత్రి ఉన్న బరువు. మూడోది ఎందుకు అవసరమంటే, పాతకాలంలో పోరాడే రోజునే తూకం వేసేవారు. ఇప్పుడు వృత్తి బాక్సింగ్‌లో ముందు రోజే తూస్తారు కనుక ఒంట్లోని నీటిని తీసేసి తూకం దాటి, ఒక్క రోజులో మళ్లీ నింపుకుని రింగులోకి వచ్చే వీలుంది. అందువల్ల తూకంలో ఒకే అంకె చూపిన ఇద్దరి మధ్య మరునాటికి ఏడెనిమిది కిలోల తేడా రావచ్చు. దీనికి, చిన్న తరగతుల నుంచి పైకి వచ్చిన ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పాకియావ్ ఆడిన రెండు పోరాటాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

2008 డిసెంబరులో ఆస్కార్ డి లా హోయాతో 147 పౌండ్ల తరగతిలో పోరు జరిగినప్పుడు, ఏనుగు మీదికి ఎలుకను వదులుతున్నారన్నట్టుగా అందరూ మాట్లాడుకున్నారు. తూకంలో పాకియావ్ 142, డి లా హోయా 145 పౌండ్లు తూగారు. కాని డి లా హోయా ఆ తరగతిలో చివరిసారి ఆడినది 2001లో. ఏడేళ్ల తరువాత మళ్లీ అంత కిందికి దిగడానికి ఒంటిని ఎండగట్టుకున్నాడు. మరునాటి రాత్రి చిన్నవాడే కొంచెం ఎక్కువ బరువుతో ఉన్నాడు. పెద్దవాడు ఎనిమిదో రౌండు తరువాత స్టూలు మీద నుంచి లేవలేదు. అది అద్భుతమైన ప్రదర్శనే, అందులో నాకు సందేహం లేదు. కాని పెద్ద శరీరం మీద చిన్న శరీరం సాధించిన గెలుపుగా దానికి ఎక్కువ మార్కులు వేయడం న్యాయం కాదు.

2010 నవంబరులో ఆంటోనియో మార్గరీటోతో జరిగిన పోరు ఇందుకు పూర్తిగా భిన్నం. టైటిల్ 154 పౌండ్లదైనా 150 దగ్గర క్యాచ్‌వెయిట్, అంటే ఇరుపక్షాలు ప్రత్యేకంగా ఒప్పుకున్న బరువు, పెట్టారు. ఆ మాట వినగానే చాలామంది ఈ గెలుపును తక్కువ చేసి మాట్లాడతారు. అయితే పాకియావ్ 144.6 పౌండ్లే తూగాడు. పోరాడే రాత్రికి అతడు 148 దగ్గర ఉంటే మార్గరీటో 165కు పెరిగాడు. ఆరో రౌండులో పెద్దవాడు పక్కటెముకల కింద కొట్టిన దెబ్బ పాకియావ్‌ను నిజంగానే కుదిపింది. అయినా పన్నెండు రౌండ్లూ పోరాడి, మార్గరీటో కంటి ఎముక విరిగేంతగా కొట్టి, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ భారీ తేడాతో గెలిచాడు. క్యాచ్‌వెయిట్ అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదని, ఆ ఒప్పందం ఎవరి ఒంటి నుంచి ఎంత తీసుకుందో చూడాలని ఈ జంట నాకు నేర్పింది.

ఇక తరగతులను లెక్కించేటప్పుడు కాలాన్ని మరచిపోరాదు. ఒకప్పుడు మొత్తం 8 తరగతులే, ఇప్పుడు 17. ఆర్మ్‌స్ట్రాంగ్ 126 పౌండ్ల ఫెదర్‌వెయిట్ ఛాంపియన్‌గా ఉంటూనే, 1938 మే 31న 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్ టైటిల్ కోసం బార్నీ రాస్‌తో తలపడ్డాడు. ఆనాటి లెక్కలో అది రెండు మెట్లు, నేటి లెక్కలో నాలుగు. నాకు అంతకంటె ముఖ్యమనిపించేది తూకం: రాస్ 142 పౌండ్లు ఉండగా అతడు 133.5 మాత్రమే తూగాడు, అంటే కొత్త తరగతికి సరిపడేలా ఒంటిని పెంచుకోకుండానే వెళ్లాడు. పదిహేను రౌండ్లు మీద మీదికి వెళ్లి కొట్టి గెలిచాడు. పదకొండు వారాల తరువాత లూ ఆంబర్స్‌ను ఓడించి మధ్యలో వదిలేసిన 135 పౌండ్ల లైట్‌వెయిట్ టైటిల్‌ను కూడా తీసుకున్నాడు. రాస్ మళ్లీ రింగులోకి దిగలేదు. 8 తరగతుల కాలంలో మూడు టైటిళ్లు ఒకేసారి ఒకే మనిషి చేతిలో ఉండడం ఎంత పెద్ద మాటో, నేటి టైటిళ్ల సంఖ్యకు అలవాటుపడిన కుర్రవాళ్లకు ఓపికగా చెప్పాలి.

హెవీవెయిట్ దగ్గరికి వచ్చేసరికి తరగతుల లెక్క పనికిరాదు, ఎందుకంటే అక్కడ పైన హద్దు లేదు. అక్కడ తేడాను చిన్నవాడి బరువులో శాతంగా లెక్కించడం మేలు. 1985లో మైఖేల్ స్పింక్స్ 200 పౌండ్లతో 221.5 పౌండ్ల లారీ హోమ్స్‌ను ఓడించినప్పుడు తేడా 11 శాతానికి దగ్గర. 2003లో రాయ్ జోన్స్ 193 పౌండ్లతో 226 పౌండ్ల జాన్ రూయిజ్‌ను ఓడించినప్పుడు 17 శాతం. ఈ అంకెను మాత్రమే చూస్తే జోన్స్ గెలుపు పెద్దదనిపిస్తుంది. కాని ఎదుట నిలిచినవాడు ఎవరన్న ప్రశ్న వేసిన వెంటనే లెక్క మారుతుంది. హోమ్స్ అప్పటికి 48 పోరాటాల్లో ఒక్క ఓటమీ లేనివాడు. రూయిజ్ ఒక టైటిల్ ఉన్న మంచి బాక్సరే తప్ప తన కాలపు మేటి కాడు. హోమ్స్‌కు 35 ఏళ్లు వచ్చాయన్నది నిజమే, స్కోర్లు కూడా చాలా దగ్గరగా వచ్చాయి, అయినా నేను స్పింక్స్‌నే పైన పెడతాను.

ఒలెక్సాండర్ ఉసిక్ విషయంలో శాతమూ ప్రత్యర్థీ రెండూ ఒకే వైపు మొగ్గుతాయి. 200 పౌండ్ల క్రూజర్‌వెయిట్ నుంచి వచ్చిన ఉసిక్, 2024 మేలో రియాద్‌లో 262 పౌండ్ల టైసన్ ఫ్యూరీతో తలపడ్డాడు. తూకంలో ఉసిక్ బరువును మొదట 233.5గా ప్రకటించి తరువాత 223.5గా సరిదిద్దారు, కనుక అంకెను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. హెవీవెయిట్‌లో పెద్దవాడు బరువు తగ్గించుకోవలసిన పని లేదు. ఎండిపోయాడన్న సాకూ ఉండదు. ఆరో రౌండులో ఫ్యూరీ అప్పర్‌కట్లు, అంటే కింది నుంచి పైకి కొట్టే దెబ్బలు, ఉసిక్‌ను బాధపెట్టాయి. తొమ్మిదో రౌండులో ఫ్యూరీయే తాళ్ల మధ్య తూలుతూ రిఫరీ లెక్కింపు విన్నాడు. అదే ఏడాది డిసెంబరులో ఫ్యూరీ 281 పౌండ్లతో, అంటే 55 పౌండ్ల తేడాతో వచ్చినా ఉసిక్ మళ్లీ గెలిచాడు. గత నలభై ఏళ్లలో ఈ రెంటినీ మించిన గెలుపు నా పుస్తకంలో లేదు.

అంకెలు రాసుకున్నాక పోరాటాన్ని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడాలి, ఎందుకంటే స్కోరు చెప్పని సంగతులు అక్కడే ఉంటాయి. పెద్దవాడు ఎన్నిసార్లు మీద పడి తన బరువును చిన్నవాడి మెడ మీద వాల్చగలిగాడు, తాళ్ల దగ్గరికి నెట్టగలిగాడా, దూరం ఎవరి చేతిలో ఉంది, గట్టి దెబ్బ తగిలిన తరువాతి నిమిషంలో చిన్నవాడు ఏం చేశాడు అన్నవి గమనించాలి. 1989లో 37 ఏళ్ల రోబెర్టో డురాన్, తనకంటె అరడుగు పొడవు, తొమ్మిదేళ్లు చిన్న అయిన ఇరాన్ బార్క్‌లీ నుంచి 160 పౌండ్ల మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకున్న పోరు ఇందుకు మంచి పాఠం. డురాన్ మొదటి టైటిల్ 135 పౌండ్లది. అతడు పారిపోయి పాయింట్లు పోగుచేసుకోలేదు; పెద్దవాడికి అనుకూలమైన దగ్గరి దూరంలోనే నిలబడి, దెబ్బలను భుజాల మీదుగా జారనిచ్చి, పదకొండో రౌండులో అతణ్ణి పడగొట్టాడు. ఓడిన పోరాటాలను కూడా ఇదే కన్నుతో చూడాలి: 1952లో యాంకీ స్టేడియం ఉక్కలో తనకంటె పై తరగతి ఛాంపియన్ జోయ్ మాక్సిమ్‌పై ముగ్గురి లెక్కలోనూ ముందున్న షుగర్ రే రాబిన్సన్, పద్నాలుగో రౌండుకు లేవలేకపోయాడు. ఆ రాత్రి రిఫరీ కూడా వేడికి తట్టుకోలేక మధ్యలో తప్పుకున్నాడు. పై బరువులో చివరి రౌండ్లు ఎంత ఖరీదైనవో ఆ పోరు చూస్తే అర్థమవుతుంది.

షరతులను కూడా రాసుకోవాలి. 1987లో షుగర్ రే లెనర్డ్ దాదాపు మూడేళ్ల విరామం తరువాత కింది తరగతి నుంచి వచ్చి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హ్యాగ్లర్‌ను ఓడించడం ఎంత గొప్పదైనా, 15కు బదులు 12 రౌండ్లు, పెద్ద రింగు, బరువైన గ్లవ్స్ అన్నీ లెనర్డ్ అడిగి సాధించుకున్నవే. క్రాఫర్డ్ మాత్రం నిండు 168 పౌండ్ల హద్దులోనే, తూకంలో కానెలోతో సమానంగా నిలిచి, ముగ్గురు జడ్జీల తీర్పుతో గెలిచాడు. అయితే అంతకు నాలుగు నెలల ముందు విలియం స్కల్ మీద కానెలో మందకొడిగా ఆడాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకే ఆ ఆదివారం క్రాఫర్డ్ గెలుపును లెనర్డ్ గెలుపుకు పైన, డురాన్ గెలుపుకు కింద రాసి, ఆర్మ్‌స్ట్రాంగ్ పేజీని మొదట్లోనే ఉంచాను. కుర్రవాళ్లు ఒప్పుకోలేదు. మామయ్య వాళ్లను కూర్చోబెట్టి డురాన్–బార్క్‌లీ పోరు మొదటి రౌండు నుంచి పెట్టించారు.