చెట్టు కింద ఆగిపోయిన పాత ట్రాక్టర్ కొనాలా వద్దా: సమస్య - పరిష్కారం

ఊళ్ళో పాత మాస్సీ 1035 ఒకటి చింతచెట్టు కింద పదేళ్ళుగా పడి ఉంది, ఇచ్చేస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని ఈ మధ్య తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు. మాస్సీ కాకపోతే ఫోర్డ్ 3600, అదీ కాకపోతే హెచ్‌ఎంటీ 2511, అంతకన్నా పాతదంటే ఇంటర్నేషనల్ బి-275. నాన్న నడిపిన బండిలాంటిదాన్ని మళ్ళీ స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినాలని ఎంత ఉంటుందో నాకు తెలుసు. నేను అలాంటివి రెండు లేపాను, మూడోదానికి బయానా ఇచ్చాక కూడా వదిలేశాను.

"బండి నడవట్లేదు" అన్న మాటలో మనకు పనికొచ్చేది ఏమీ లేదు. ఎందుకు ఆగిందో తెలియాలి, ఆగాక ఎలా పడి ఉందో చూడాలి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఒకటే చెబుతారు, బ్యాటరీ వేస్తే చాలు, టక్కున స్టార్ట్ అవుతుందని. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు, చాలాసార్లు వాళ్ళకే తెలియదు, బండిని ఎప్పుడూ జీతగాడే నడిపి ఉంటాడు. అందుకే యజమాని కంటే ముందు ఆఖరున ఆ బండి నడిపిన డ్రైవర్ ఎవరో కనుక్కుని టీ తాగించి మాట్లాడండి. "దుక్కిలో ఉండగా టకటకమని కొట్టి ఆగిపోయిందండీ" అన్నాడంటే అది ఒక కథ, "కొత్త బండి తెచ్చారు, దీన్ని పక్కన పెట్టేశారు" అన్నాడంటే అది పూర్తిగా వేరే కథ.

చూడటానికి వెళ్ళేటప్పుడు చార్జింగ్ ఉన్న బ్యాటరీ, పానాల సెట్టు, టార్చి, ఒక అయస్కాంతం, ఐదు లీటర్ల కొత్త డీజిల్, ఒక స్టీలు గ్లాసు పట్టుకెళ్ళండి. గ్లాసు ఎందుకో కింద చెబుతాను.

ఇంజన్ అసలు తిరగట్లేదు

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. ఇక్కడే అందరూ ఇంజన్ పట్టేసిందని (లోపల పిస్టన్ బిగుసుకుపోయిందని) తేల్చేస్తారు. ఆగండి. ముందు బ్యాటరీ వైర్ల కొసలు, ఎర్త్ వైరు ఛాసిస్‌కి తగిలే చోటు గీకి శుభ్రం చేసి మళ్ళీ కొట్టండి. కొన్ని పాత బండ్లలో గేరు న్యూట్రల్‌లో లేకపోతే సెల్ఫ్ కొట్టకుండా స్విచ్ ఉంటుంది, అదీ చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకి పొడవాటి పానా వేసి చేత్తో తిప్పి చూడండి. చేత్తో తిరిగితే లోపం సెల్ఫ్ మోటారులోనో వైరింగులోనో ఉంది, అది చిన్న ఖర్చు.

తిరగలేదంటే అప్పుడు సైలెన్సర్ దగ్గరికి వెళ్ళండి. మన రైతుల్లో జాగ్రత్త గలవాళ్ళు బండి నిలిపేటప్పుడు సైలెన్సర్ గొట్టం మీద ఒక డబ్బా బోర్లిస్తారు. ఆ డబ్బా ఉందా లేదా అన్నది బండి మీద పెయింట్ కంటే, టైర్ల కంటే ముఖ్యం. డబ్బా లేకపోతే ప్రతి వానకీ నీళ్ళు గొట్టంలోంచి సిలిండర్ల పొగ బయటికి తెచ్చే మానిఫోల్డ్‌లోకి దిగుతాయి, ఇంజన్ ఆగినప్పుడు ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉందో ఆ సిలిండర్‌లోకి చేరతాయి. అందుకే మూడు సిలిండర్ల ఇంజన్ పట్టేసిందంటే చాలాసార్లు పట్టేది ఒక్కటే, మిగతా రెండూ అద్దంలా ఉంటాయి. నేను లేపిన మొదటి మాస్సీలో సరిగ్గా ఇదే జరిగింది. హెడ్ (సిలిండర్ల మీది మూత) తీస్తే ఒక పిస్టన్ మీద మాత్రం ఎర్రటి తుప్పు పొడి, రింగుల పక్కన అరచెంచాడు బురద.

దీనికి మందు ఓపిక. నాజిళ్ళు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి ఒక్కో సిలిండర్‌లో డీజిల్, పల్చటి నూనె సగం సగం కలిపి పోసి వారం పది రోజులు వదిలేయాలి, మధ్యలో ఇంకిపోతే మళ్ళీ పోయాలి. తర్వాత నాజిళ్ళు బయటే ఉంచి పుల్లీని కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి కదపాలి. ఒక్క అంగుళం కదిలినా అది తిరుగుతుంది. కదలకపోతే హెడ్ తీయాల్సిందే.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనిది ఒకటుంది. గేరులో వేసి ఇంకో ట్రాక్టర్‌తో లాగొద్దు. నేను బయానా ఇచ్చి వదిలేసింది ఇలాంటి బండినే. నేను వెళ్ళేలోపు ఎవరో మెకానిక్ తాడు కట్టి లాగించాడట, సిలిండర్‌లో నీళ్ళున్నాయి, నీళ్ళు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. నాలుగు లీటర్ల డీజిల్‌తో పోయేది క్రాంక్ దాకా వచ్చింది.

బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) తుప్పు తిని గుంటలు పడితే లేత్ పనే. స్లీవ్ (బోరులో విడిగా దింపే గొట్టం) ఉన్న ఇంజన్లయితే స్లీవ్, పిస్టన్, రింగులు కిట్‌గా దొరుకుతాయి. ఫోర్డ్ మూడు సిలిండర్ల బండ్లలో కంపెనీ నుంచి స్లీవ్ ఉండదు, బోరు నేరుగా బ్లాకులోనే ఉంటుంది. కాబట్టి ఓవర్‌సైజుకి బోరింగ్ కొట్టించాలి, ఇప్పటికే కొట్టించి కొట్టించి గోడ పల్చబడితే కొత్తగా స్లీవ్ దింపించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేసే మంచి చేతులున్నాయి. బండి కొనకముందే ఒకసారి వెళ్ళి మీ మోడల్ చెప్పి రేటు అడిగి రండి.

తిరుగుతోంది గానీ స్టార్ట్ అవట్లేదు

ఇది వినగానే సంతోషించండి, చాలాసార్లు చౌకలో పోయే సమస్య ఇదే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకరిని సైలెన్సర్ వైపు చూడమనండి. పొగ అసలు రాలేదంటే డీజిల్ సిలిండర్ దాకా వెళ్ళట్లేదు. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ వెళ్తోంది గానీ అంటుకోవట్లేదు, అంటే కంప్రెషన్ తక్కువో, టైమింగ్ తప్పిందో, నాజిల్ సరిగా కొట్టట్లేదో.

పొగ రానప్పుడు పాత ట్యాంకుని నమ్మకండి. ఏళ్ళ తరబడి ఉన్న డీజిల్ జిగురై, అడుగున నీళ్ళు, తుప్పు చేరి ఉంటాయి. మన ఐదు లీటర్ల డబ్బాని ఎత్తులో కట్టి పైపుతో నేరుగా ఫిల్టర్‌కి ఇచ్చి, ఎయిర్ స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా ఎయిర్ తీయండి. ఆ తర్వాత నాజిల్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్మాలి. చిమ్మకపోతే నాజిళ్ళకి డీజిల్ నెట్టే పంపు లోపల పట్టేసింది. పంపు షాపులో విప్పి, కడిగి, క్యాలిబ్రేషన్ చేయించాలి, లోపలి భాగాలు తుప్పు తిన్నాయంటే మాత్రం ఖర్చు బాగానే అవుతుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఒకటి. ఏళ్ళ తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పంపు లోపల డీజిల్ ఎంత వెళ్ళాలో చూసే ర్యాక్ ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కుని ఉంటే ఇంజన్ ఒక్కసారిగా ఆకాశమంత రేసయిపోతుంది, స్టాప్ లివర్ లాగినా ఆగదు. స్టార్ట్ చేసే ముందే స్టాప్ లివర్ కదులుతోందో లేదో చూడండి, ఎయిర్ క్లీనర్ పైటోపీ తీసి ఒక మనిషి చెక్క పలక పట్టుకుని పక్కన నిలబడాలి, రేసయితే గాలి దారి మూసేయాలి. అరచెయ్యి అడ్డం పెట్టొద్దు. పెట్రోల్ గుడ్డ చూపించి స్టార్ట్ చేయడం మన ఊళ్ళలో అలవాటే గానీ, లోపల ఏముందో తెలియని ఇంజన్ మీద ఆ పని చేయకండి.

గేజీ తీస్తే ఆయిల్ తేడాగా ఉంది

గేజీకి (ఆయిల్ మట్టం చూసే పుల్లకి) అంటిన ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే లోపల నీళ్ళు కలిశాయి. ఎప్పుడో ఆగిన బండిలో మాత్రం ఆయిల్ పైన, నీళ్ళు అడుగున వేరుగా ఉంటాయి, గేజీకి ఏమీ తెలియదు. స్టీలు గ్లాసు ఇందుకే. ఇంజన్ తిప్పకముందే చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) అడుగు డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా రెండు చుట్లు వదులు చేసి గ్లాసు పెట్టండి. ముందు నల్లటి ఆయిల్ బొట్టు పడితే మంచిది. ముందు నీళ్ళు కారి ఆ తర్వాత ఆయిల్ వచ్చిందంటే, ఎంత నీరొచ్చిందో గ్లాసులో అమ్మేవాళ్ళకి కూడా కనబడుతుంది. మాటలతో బేరమాడక్కర్లేదు.

ఆ నీళ్ళు సైలెన్సర్ నుంచి వచ్చాయా, రేడియేటర్ నుంచి వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న. రేడియేటర్ నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలి పొద్దున చూడండి, మట్టం తగ్గి బయట ఎక్కడా తడి లేకపోతే లోపలికే పోయాయి. హెడ్ కింది గ్యాస్కెట్ పోయి ఉంటే సులువు. హెచ్‌ఎంటీ 2511 లాంటి వాటిలో స్లీవ్ చుట్టూ నీళ్ళే తిరుగుతాయి, కింద రబ్బరు రింగులు పాడైనా నీళ్ళు దిగుతాయి, అదీ బాగవుతుంది. బ్లాకు పగిలిందంటే మాత్రం బండి వదిలేయండి. చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టి బ్లాకులు పగులుతాయి, మనకి ఆ భయం లేదు. ఇక్కడ పగిలేది నీళ్ళు లేకుండా వేడెక్కించి, ఆ వేడి మీదే చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే.

ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికంటే పైకి ఉండి డీజిల్ వాసన వస్తే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపులో డయాఫ్రమ్ పొర చిరిగి డీజిల్ చాంబర్‌లోకి కారుతోందని ముందు అనుమానించాలి. అదే అయితే చిన్న పని. కానీ ఆ పల్చటి ఆయిల్‌తోనే బండి నడిపి ఉంటే బేరింగులు అరిగి ఉంటాయి.

స్టార్ట్ అయింది, పొగ వస్తోంది

మొదటి పది నిమిషాల పొగని పట్టించుకోకండి. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత తీస్తే బుస్సు బుస్సుమని గాలి తన్నుతుంటే రింగులు, బోరు అయిపోయాయి. నల్లపొగ అయితే ముందు ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పండి, అందులో ఆయిల్ బదులు గట్టిపడిన మట్టి ఉంటుంది.

క్లచ్ తొక్కినా గేరు పడట్లేదు

ఎక్కువ కాలం నిలిపిన బండిలో క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది. క్లచ్ పూర్తిగా తొక్కి పెడల్‌కి కర్ర అడ్డుపెట్టి రెండు మూడు రోజులు ఉంచితే కొన్ని వదిలేస్తాయి. వదలకపోతే బండిని మధ్యలోకి విడదీయాలి. దానికి గేరుబాక్సుకీ ఇంజన్‌కీ కింద సరైన స్టాండ్లు కావాలి, ఇటుకల మీద నిలబెట్టి చేసే పని కాదు.

లిఫ్ట్ లేవట్లేదు

నాగలి లాంటి పనిముట్లని ఎత్తే లిఫ్ట్ ఇది. మాస్సీ విషయంలో ఇది చాలామందిని అనవసరంగా భయపెడుతుంది. హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు కనిపెట్టిన పద్ధతిలో హైడ్రాలిక్ పంపు వెనక హౌసింగ్ లోపల నూనెలో మునిగి ఉంటుంది, దాన్ని తిప్పేది పి.టి.ఓ. షాఫ్టు (వెనక తగిలించే పనిముట్లని తిప్పే ఇరుసు). పి.టి.ఓ. లివర్ వేయకపోతే లిఫ్ట్ లేవదు. ముందు ఆ లివర్ వేసి చూడండి, తర్వాత నూనె మట్టం చూడండి. లేచి, బరువు పెట్టగానే మెల్లగా దిగిపోతుంటే లోపల సీళ్ళు, రింగులు పోయినట్టు.

వెనక హౌసింగ్ నూనెని కూడా గ్లాసులో పట్టి అయస్కాంతం తిప్పండి. మెత్తటి బూడిదలాంటి పొడి అంటితే మామూలు అరుగుదల. గోరంత ముక్కలు అంటితే గేరు పళ్ళు రాలుతున్నాయి. డెల్టాలో ఇనుప చక్రాలు కట్టి దమ్ము చేసిన బండ్లలో వెనక యాక్సిల్ సీళ్ళలోంచి బురద నీళ్ళు లోపలికి పోయి ఉంటాయి, అలాంటి బండికి బేరింగుల ఖర్చు ముందే రాసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిన ప్రాంతాల నుంచి వచ్చే బండి అయితే మునిగిందా అని సూటిగా అడగండి, డైనమో లోపలా, డాష్‌బోర్డు వెనకా మట్టి చార కనిపిస్తే అడగక్కర్లేదు.

టైర్ల గురించి ఒక్క మాట. పట్టుకోసం వెనక టైర్లలో నీళ్ళు నింపిన బండి అయితే వాల్వు చుట్టూ రిమ్ము తుప్పు తిని ఉంటుంది. టైరు ఒక్కటే లెక్కేసుకుని రిమ్ము మరిచిపోతారు చాలామంది.

కాగితాలు లేవు, లేదా తాతగారి పేరున ఉన్నాయి

ఇంజన్‌కి మందుంది, దీనికి కొన్నిసార్లు లేదు. ఆర్.సి. ఎవరి పేరున ఉందో ఆయన లేకపోతే ముందు వారసుల పేరుకి ఫారం 31 మీద మార్చుకోవాలి, ఆ తర్వాతే మీ పేరుకి 29, 30 ఫారాలు. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ కావాలి, ఒకరు ఊళ్ళో లేరంటే వచ్చేదాకా బయానా ఇవ్వొద్దు. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే అప్పు ఎప్పుడో తీరిపోయినా సరే, ఫారం 35 మీద బ్యాంకు ముద్ర ఉండాలి. తెలంగాణ బండిని ఆంధ్రకి తెచ్చినా, ఇటుది అటు తీసుకెళ్ళినా ఫారం 28 మీద ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే కాబట్టి ఈ బండ్లన్నిటికీ రెన్యువల్ కావాలి, దానికి బండి నడిచే స్థితిలో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. ఛాసిస్ నంబరు మీద గ్రీజు తుడిచి, సుద్దముక్క రుద్ది, ఆర్.సి.తో ఒక్కో అంకె సరిచూసుకోండి. ఇంజన్ మార్చిన బండ్లు చాలా ఉన్నాయి.

రేటు ఎంత చెప్పాలి

ఈ బండి బరువు ఒకటిన్నర టన్ను పైమాటే. ఆ రోజు పాత ఇనుము ధరతో గుణిస్తే అదే మీ కింది గీత, అంతకు తక్కువకి ఎవరూ ఇవ్వరు. పై గీత కోసం అదే మోడల్ నడుస్తున్న బండి మీ దగ్గర ఎంతకి దొరుకుతోందో కనుక్కోండి. అందులోంచి పైన చూసిన పనులన్నిటి ఖర్చు తీసేయండి, కనబడని పనులకి ఆ ఖర్చులో ఇంకో సగం తీసేయండి. మిగిలింది ఇనుము ధర కంటే తక్కువొస్తే ఆ బండి డబ్బు లెక్కలో నిలబడదు. అప్పుడు కొంటే అది మీ ఇంటి బండి అయి ఉండాలి, నాన్న చేతి గుర్తు స్టీరింగు మీద ఉండాలి. అలా కొనడం తప్పేమీ కాదు, కాకపోతే ఇంట్లో ఆ మాట ముందే చెప్పండి.

మోడల్ బట్టి కూడా ఆలోచించండి. మాస్సీ 1035కి స్పేర్లు చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి. హెచ్‌ఎంటీ అలా కాదు. పింజోర్‌లో (హర్యానా) 1971లో చెక్ కంపెనీ జెటార్ డిజైన్ అయిన 2511తో మొదలైన ఆ ట్రాక్టర్ యూనిట్‌ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది, కాబట్టి స్పేర్లు వెతుక్కోవాలి. బండి చూశాక పాడైన భాగాలు నాలుగు రాసుకుని, షాపుల్లో ఫోన్లు చేసి, దొరుకుతాయని రూఢి అయ్యాకే మళ్ళీ బేరానికి వెళ్ళండి.

బేరం కుదిరితే నడిపించుకుని తెద్దామని చూడకండి, బ్రేకులు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. లారీ మీద ఎక్కించి, నాలుగు చక్రాలకీ దిమ్మలు పెట్టి, గొలుసులు యాక్సిల్‌కి కట్టించండి, స్టీరింగు రాడ్లకి కాదు. దింపిన రోజే సైలెన్సర్ మీద డబ్బా బోర్లించి, నాజిళ్ళు విప్పి నూనె పోసేయండి.